బాలుర పాఠశాలలో చాపెల్, చాప్లెయిన్: ఏలీ సమూయేలుల పాఠము

ధ్యానభాగము: 1 సమూయేలు 2:18–26, 3:1–21



ప్రతి సంవత్సరము జూన్ మాసములో బడులు తెరచు దినములలో మా పల్లెసంఘముల నుండి కొందరు బాలురు సికింద్రాబాదుకు బయలుదేరుదురు. ఒక పెట్టె, ఒక దుప్పటి, ఒక ఊరగాయ సీసా, బట్టల అడుగున తల్లి పెట్టిన బైబిలు. ఇదే వారి సామాను. వారిలో కొందరు క్రైస్తవ బాలుర పాఠశాలలలో చేరి వసతిగృహములలో ఉందురు. సాగనంపునప్పుడు తల్లులు మమ్మును అడుగు ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, ఆడ ప్రార్థన ఉంటదా?" ఉంటదని మేము జవాబు చెప్పుదుము. అయితే ప్రార్థన ఉండుట ఒకటి, అది బాలుని హృదయమునకు చేరుట మరియొకటి.

కావున ఈ మాసము క్రైస్తవ బాలుర పాఠశాలలో జరుగు చాపెల్ ఆరాధనను గూర్చియు, దానిని నడిపించు చాప్లెయిన్ గారి పనిని గూర్చియు ధ్యానింతము. ఇది పట్టణములోని పాఠశాలలకు మాత్రమే చెందిన సంగతి కాదు. అక్కడికి బిడ్డలను పంపువారము మనమే. వారు తిరిగి వచ్చి కూర్చుండునది మన పల్లె గుడిలోనే.

1. ఈ పేర్లు ఎక్కడ పుట్టినవి?

చాపెల్ అనగా గుడి, చాప్లెయిన్ అనగా బోధకుడు అని మనము అనుకొందుము. అయితే ఈ రెండు మాటలును ఒక అంగీ నుండి పుట్టినవి. నాలుగవ శతాబ్దములో మార్టిన్ అను రోమా సైనికుడు గౌలు దేశములోని ఆమియెన్ పట్టణపు గుమ్మమునొద్ద, గడ్డకట్టు చలిలో, బట్టలేని బిచ్చగానిని చూచెనట. అతనియొద్ద ఇచ్చుటకు సొమ్ము లేదు. కత్తితో తన పై అంగీని రెండుగా కోసి, సగము ఆ బీదవానికి కప్పి, సగము తాను కప్పుకొనెను. ఆ రాత్రి క్రీస్తు ప్రభువు ఆ సగము అంగీని ధరించియుండగా అతడు కలలో చూచెనని సంఘ చరిత్రకారులు చెప్పుదురు. ఈ మార్టిన్ తరువాత తూరు పట్టణమునకు బిషప్పు ఆయెను.

తరువాతి కాలములో ఫ్రాంకుల రాజులు ఆ అంగీని భద్రపరచిరి. అంగీకి లాటిను భాషలో 'కప్పా' అని పేరు. దానిని ఉంచిన స్థలము 'కపెల్లా' ఆయెను, దానిని కాయు గురువులు 'కపెల్లాని' అనబడిరి. అవే నేటి చాపెల్, చాప్లెయిన్ అను మాటలు.

ఈ మాటల పుట్టుకలోనే మనకు ఒక పాఠమున్నది. చాప్లెయిన్ గంట కొట్టించి పిల్లలను వరుసలో నిలువబెట్టు అధికారి కాడు. చలిలో వణకువానికి ఇచ్చిన సగము అంగీకి అతడు కావలివాడు. చాపెల్ అనగా అట్టి అంగీ దొరకు చోటు. ఇంటిని విడిచి వచ్చిన పండ్రెండేండ్ల బాలునికి ఆ అంగీ దొరకినదా లేదా అనునదే ఆ పాఠశాల ఆరాధనకు అసలైన పరీక్ష.

2. సికింద్రాబాదుకు చాప్లెయిన్లు ఎట్లు వచ్చిరి?

సికింద్రాబాదు దండు 1806లో ఏర్పడినది. మూడవ నిజామైన సికందర్ జా పేరు ఈ ఊరికి వచ్చినది. దండుతోకూడ గుడులు వచ్చినవి. పరిశుద్ధ యోహాను గుడి 1813 నాటిది; బొల్లారములోని పరిశుద్ధ త్రిత్వ దేవాలయము 1847 నాటిది. అప్పటి చాప్లెయిన్లు సిపాయిల కొరకు వచ్చినవారు. సైనికులు ఆదివారము కవాతుగా గుడికి నడచి వచ్చి, ఆజ్ఞకు లేచి, ఆజ్ఞకు కూర్చుండెడివారు.

1895లో ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అను వెస్లియన్ మిషనరీ సికింద్రాబాదుకు వచ్చెను. ఆయన మొదటి పని తిరుమలగిరిలోని ఆంగ్ల సిపాయిల మధ్యనే. అయితే ఆయన మనస్సు అక్కడ నిలువలేదు. ఆయన పల్లెలలోనికి బయలుదేరి మెదకు చేరెను. కరవు దినములలో ప్రజలకు పనియు అన్నమును కల్పించుచు ఆయన కట్టించిన మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దండులోని చాప్లెయిన్ పని నుండి ఆకలిగొన్నవారియొద్దకు నడచిన ఈ దారి, మార్టిన్ అంగీ నడచిన దారియే.

వెస్లియన్ మిషను నాటిన పాఠశాలలలో సికింద్రాబాదులోని వెస్లీ బాలుర ఉన్నత పాఠశాల ఒకటి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు వెస్లియన్ సంఘములు అందులో చేరినవి. ఈ విధముగా మెదకు పల్లెలకును సికింద్రాబాదు పాఠశాలకును ఒకే వేరు ఉన్నది.

ఈ చరిత్రను ఎందుకు చెప్పుచున్నాము? మన పాఠశాలల ఆరాధనకు రెండు వారసత్వములున్నవి. ఒకటి కవాతు మైదానము; రెండవది సగము అంగీ. ఈల వేసి, వరుస దిద్ది, మాటలాడినవానిని బయట నిలువబెట్టి నడిపించు ఆరాధన మొదటి దాని సంతానము. ఏ వారసత్వమును మన బిడ్డలకు ఇచ్చుచున్నామో విచారింపవలెను.

3. షిలోహులోని బాలుడు

పరిశుద్ధ గ్రంథములో వసతిగృహపు బాలుని కథ ఒకటి ఉన్నది. అది సమూయేలు కథ. హన్నా తన బిడ్డను పాలు విడిచిన తరువాత షిలోహులోని మందిరములో విడిచిపెట్టెను. అతనిని పెంచిన వృద్ధ యాజకుడు ఏలీయే ఆ బాలుని చాప్లెయిన్ అనుకొందము. ఏలీ జీవితములో మెచ్చదగినవియు ఉన్నవి, భయపడదగినవియు ఉన్నవి. రెండింటినీ నేర్చుకొందము.

మొదటి సంగతి: బాలుడు దేవుని స్వరమును పెద్దవాని స్వరమనుకొనెను. రాత్రివేళ పిలుపు విని అతడు మూడు మారులు పరుగెత్తినది ఏలీయొద్దకే. అతడు మందిరములో నిద్రించుచున్నాడు, దీపమునొద్ద ఉన్నాడు, ప్రతిదినము పరిచర్య చేయుచున్నాడు. అయినను అతడు ఇంకను ప్రభువును ఎరుగలేదని ఏడవ వచనము స్పష్టముగా చెప్పుచున్నది. చాపెల్‌లో హాజరు నూటికి నూరైనను దేవుని ఎరుగకయుండవచ్చును. బాలురకు మొదట దేవుని స్వరము హెడ్మాస్టరు గారి స్వరముగా, వార్డెను గారి స్వరముగా వినబడును. ఆ పెద్దలు కోపిష్ఠులైతే దేవుడును కోపిష్ఠియే అని వారి లేతమనస్సు నమ్మును.

రెండవ సంగతి: ఏలీ ఆ పిలుపును తనదిగా చేసికొనలేదు. తాను పిలువలేదని నిజము చెప్పి వెళ్లి పడుకొమ్మని పంపెను. మూడవ మారు సంగతి గ్రహించి, మరల పిలుపు వచ్చినయెడల వినుటకు సిద్ధముగా ఉన్నానని దేవునికే జవాబు చెప్పుమని నేర్పి, బాలుని ఒంటరిగా పంపివేసెను. చాప్లెయిన్ పని యావత్తు ఈ ఒక్క చర్యలో ఉన్నది. అతడు దేవునికి బదులుగా మాటలాడుటకు నియమింపబడలేదు. బాలుడు తానే వినునట్లు అతనిని సిద్ధపరచి, తప్పుకొనుటకు నియమింపబడెను. బాలుడు తనయొద్దకే మరల మరల పరుగెత్తి రావలెనని కోరువాడు మంచి చాప్లెయిన్ కాడు.

మూడవ సంగతి: తెల్లవారిన తరువాత సమూయేలు మందిరపు తలుపులు తీసెను. రాత్రి దేవుని స్వరమును విన్న బాలుడు ఉదయమున తన మామూలు పనిని మానలేదు. చాపెల్ ఫలించెనా అని తెలిసికొనుటకు కీర్తన ఎంత గట్టిగా పాడిరో చూడనక్కరలేదు. తరువాతి గంటలో, ఆటస్థలములో, భోజనశాలలో చిన్నవాని పళ్లెములోని కూర పెద్దవాడు లాగుకొనుచున్నాడా లేదా అని చూడవలెను.

నాలుగవ సంగతి: ఏలీ చేదు మాటను వినుటకు సిద్ధపడెను. బాలుడు చెప్పుటకు భయపడెను. ఏలయనగా ఆ వర్తమానము ఏలీ ఇంటికే విరోధమైనది. అయినను ఏమియు దాచవద్దని ఏలీ అడిగెను. విని కోపగింపలేదు. పిల్లలు తనను గూర్చియు, తన పాఠశాలను గూర్చియు చెప్పు చేదు నిజమును వినగల చాప్లెయిన్ ఎంతమందికి దొరకును?

4. పెదవులను కాయుట

ఇదే ఏలీ అంతకుముందు మందిరపు ద్వారబంధమునొద్ద కూర్చుండి హన్నాను చూచి పొరబడెను. ఆమె పెదవులు కదలుచున్నవి, స్వరము వినబడలేదు. ఆమె మద్యము త్రాగినదని అతడు తలంచెను (1 సమూయేలు 1:12–14). పెదవులను చూచువాడు హృదయమును చూడలేడు. చాపెల్‌లో మాస్టర్లు వరుసల ప్రక్కన నిలిచి ఎవని పెదవులు కదలుటలేదో చూచుచుందురు. పెదవులు కదలని బాలుడు ధిక్కారియే కానక్కరలేదు. ఇంటినుండి చెడ్డవార్త వచ్చియుండవచ్చును. పాట ఇంగ్లీషులో ఉండుటచేత అతనికి రాకపోవచ్చును. వేరొక మతపు బిడ్డయై ఉండవచ్చును.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనము తరచుగా చెప్పుదుము. నిజమే. అయితే మొక్కను గట్టిగా వంచినయెడల అది విరుగును కూడ. జాన్ వెస్లీ గారు 1748లో బ్రిస్టలు పట్టణమునకు సమీపమున కింగ్స్‌వుడ్ అను బడిని తెరచెను. అక్కడి బిడ్డలు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి ప్రార్థింపవలెను. ఆటలకు వేళ లేదు, సెలవులు లేవు. ఆయన ఉద్దేశము గొప్పది. అయినను ఆ బడి తాను కోరినట్లు నడచుటలేదని వెస్లీ గారే అనేక పర్యాయములు చింతించెను. ఆయన పేరు పెట్టుకొన్న పాఠశాలలు మన దేశములో ఎన్నో ఉన్నవి గనుక ఆయన ఉత్సాహముతోపాటు ఆయన అనుభవమునుండియు మనము నేర్చుకొందము. గడియారముచేత భక్తి పుట్టదు.

5. ఇతర మతముల బాలురు

మన పాఠశాలలలో హిందూ, మహమ్మదీయ కుటుంబముల బాలురు అనేకులు చదువుచున్నారు. వీరి విషయమై చాప్లెయిన్ ఏమి చేయవలెను?

మొదట చట్టమును తెలిసికొనవలెను. భారత రాజ్యాంగము 1950 జనవరి 26 నుండి అమలులో ఉన్నది. దాని 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు ఇచ్చుచున్నది. 28వ అధికరణపు మూడవ భాగము మరియొక మాట చెప్పుచున్నది: ప్రభుత్వ గుర్తింపుగాని ధనసహాయముగాని పొందిన విద్యాసంస్థలో చదువు ఏ విద్యార్థిని కూడ అతని సమ్మతి లేకుండ మతబోధకుగాని ఆరాధనకుగాని రప్పించరాదు. విద్యార్థి మైనరైతే సంరక్షకుని సమ్మతి ఉండవలెను. మొదటి హక్కును గట్టిగా పట్టుకొని రెండవ మాటను మరచుట క్రైస్తవులకు తగదు.

చట్టము లేకున్నను మన ప్రభువు మార్గము ఇదియే. ధనికుడైన యౌవనుడు వ్యసనపడి వెళ్లిపోయినప్పుడు (మార్కు 10:17–22) ఆయన అతని చెయ్యి పట్టి ఆపలేదు. అతనిని ప్రేమించెను, పోనిచ్చెను.

మన తెలుగు దేశములో దీనికి పాత దృష్టాంతమొకటి ఉన్నది. రాబర్టు నోబుల్ గారు 1841లో బందరుకు వచ్చి 1843లో పాఠశాల తెరచిరి. అందులో పై కులముల హిందూ బాలురు చదివిరి. బైబిలు పాఠము దినదినము జరిగెడిది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా పట్టణమంతయు కలవరపడి, తలిదండ్రులు పిల్లలను మానిపించిరి. కాని కాలక్రమమున బాలురు మరల వచ్చిరి. ఎందుకు వచ్చిరి? ఆ గురువు దాచినది ఏమియు లేదని, తమ బిడ్డలను ప్రేమించుచున్నాడని, ఊరు విడిచి పోడని వారు ఎరుగుదురు. నోబుల్ గారు 1865లో బందరులోనే మరణించిరి; వచ్చిన తరువాత ఒక్కసారియైనను స్వదేశమునకు తిరిగి వెళ్లలేదు. దాపరికము లేకుండుట, నిలకడగా ఉండుట, ఈ రెండును ఇతర మతముల కుటుంబములయెదుట చాప్లెయిన్‌కు ఉండవలసిన సాక్ష్యము. చాపెల్‌కు రాని బాలునికి ఆ సమయములో కూర్చుండి చదువుకొనుటకు మంచి చోటు ఇయ్యవలెను, ఎండలో నిలువబెట్టరాదు. అతడు రాలేదని అతని మార్కులలోగాని ఆటల జట్టులోగాని తేడా చూపరాదు.

6. బెత్తము పట్టు చెయ్యి, ఆశీర్వదించు చెయ్యి

ఇంగ్లాండులోని రగ్బీ పాఠశాలకు 1828 నుండి 1842లో తాను మరణించువరకు థామస్ ఆర్నాల్డ్ గారు ప్రధానోపాధ్యాయులు. 1831లో చాప్లెయిన్ స్థానము ఖాళీకాగా ఆయన ఆ పనిని తానే తీసికొనెను. చాపెల్‌లో ఆయన చేసిన ప్రసంగములు ఎందరో బాలుర జీవితములను మార్చినవి. పాఠశాలకు ఆత్మ చాపెల్ అని ఆయన చేసి చూపెను. దానికొరకు దేవునికి స్తోత్రము.

అయినను ఆ పద్ధతి అందరికిని తగదని మా అభిప్రాయము. శిక్షించు అధికారము ఉన్నవానియొద్ద బాలుడు తన తప్పును ఒప్పుకొనునా? టీసీ వ్రాయు చేతి యెదుట తన సందేహమును విప్పునా? కాబట్టి హెడ్మాస్టరు ఒకరు, చాప్లెయిన్ ఒకరు ఉండుట మంచిది. చాప్లెయిన్ మార్కులు వేయరాదు, జరిమానా వసూలు చేయరాదు, చాడీలు మోయరాదు. మధ్యాహ్నపు విరామములో తలుపు తెరచి కూర్చుండు ఒక గది అతనికి ఉండవలెను. బాలుడు ఏ పనియు లేకుండగనే వచ్చి బల్లమీద కూర్చుండి వెళ్లవచ్చును. ఆ గదియే అసలు చాపెల్ అని మేము తలంచుచున్నాము.

7. ఏలీ చేయని పని

ఇప్పుడు ఏలీ జీవితములోని భయంకరమైన భాగమునకు వచ్చితిమి. అతని కుమారులైన హొఫ్నీ ఫీనెహాసులు మందిరపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలను చెరుపుచుండిరి. ఆ సంగతి ఏలీ విన్నాడు. మందలించినాడు. కాని వారిని అడ్డగింపలేదు (1 సమూయేలు 2:22–25, 3:13). దేవుడు అతనిమీద మోపిన నేరము అదియే: తెలిసియు ఆపకపోవుట.

వసతిగృహములున్న ప్రతి పాఠశాల ఈ వచనములను వణకుతో చదువవలెను. చిన్న బాలుడు ఒకనాడు చాప్లెయిన్ గారియొద్దకు వచ్చి, పెద్దవాడెవడో, పనివాడెవడో, ఉద్యోగస్థుడెవడో తనను పాడుచేయుచున్నాడని మెల్లగా చెప్పవచ్చును. అప్పుడు పాఠశాల పరువు, సంఘము పేరు, ఆ మనుష్యుని కుటుంబము అని ఆలోచించుచు కూర్చుండుట ఏలీ పాపమే. ప్రార్థించి వదలివేయుటయు ఏలీ పాపమే. లైంగిక నేరముల నుండి బాలలను రక్షించుటకు 2012లో చేసిన పోక్సో చట్టము, 18 సంవత్సరములలోపు బిడ్డకు అట్టి హాని జరిగినదని తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలియజేయవలెనని 19వ సెక్షనులో ఆజ్ఞాపించుచున్నది. చెప్పకపోవుట 21వ సెక్షను ప్రకారము శిక్షార్హమైన నేరము. గురువుకు చెప్పిన రహస్యమని దానిని దాచుటకు వీలులేదు. బాలల సహాయమునకు 1098 అను ఫోను నంబరు ఉన్నది. దానిని చాపెల్ గోడమీద, పిల్లల కంటికి అందునంత ఎత్తున, పెద్ద అంకెలతో వ్రాయించుట వాక్యము వ్రాయించుట వంటి పరిచర్యయే.

ఎవరికిని చెప్పనని బాలునికి ముందుగా మాట ఇయ్యరాదు. "నీకు హాని కలిగించు సంగతియైతే నేను ఊరకుండను, నీ ప్రక్కన నిలుచుదును" అని చెప్పవలెను. ఆ మాటయే సగము అంగీ.

8. ఫలితముల వారము

మరియొక చలి ఉన్నది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాతి దినములలో 20 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. వారిలో ప్రతివాడును ఒక తల్లి పెట్టె సర్ది పంపిన బిడ్డయే. తప్పినవానికి తిరిగి ఇంటికి వచ్చు దారి ఉన్నదని ఎవరును గట్టిగా చెప్పని చోట ఇట్టివి జరుగును.

తప్పిపోయిన కుమారుని ఉపమానము (లూకా 15) పరీక్షలకు ముందు చాపెల్‌లో చెప్పవలసిన ఉపమానము. ఆ తండ్రి లెక్క అడుగకముందే పరుగెత్తెను. ఫలితముల వారములో చాప్లెయిన్ ప్రసంగము వ్రాయనక్కరలేదు. తప్పిన ప్రతి బాలుని పేరు వ్రాసికొని, వాని మంచముమీద కూర్చుండి, వానితో కలిసి భోజనము చేసి, వాని ఇంటికి తానే ఫోను చేసి తండ్రిని మెత్తపరచవలెను. మనస్సు కృంగినవారికి రాత్రింబగళ్లు సలహా చెప్పు టెలీ మానస్ అను ప్రభుత్వ సేవ 2022 నుండి ఉన్నది. దాని నంబరు 14416. ఇట్టి సహాయము కోరుట అవిశ్వాసము కాదని బాలురకు బోధింపవలెను. మరణము కోరి బదరీ చెట్టు క్రింద పడుకొన్న ఏలీయాకు దేవుడు మొదట పంపినది రొట్టెయు నీళ్లును, ఆ తరువాతనే వర్తమానము (1 రాజులు 19:4–8).

9. ఆరాధన ఎట్లుండవలెను?

అనుభవముగల కాపరులు ఒప్పుకొను కొన్ని సంగతులను క్లుప్తముగా చెప్పుదుము.

ఒకటి: చాపెల్ చిన్నదిగా ఉండవలెను. ఒక కీర్తన, ఒక వాక్యభాగము, ఒక్క సంగతిని గూర్చి అయిదారు నిమిషముల మాట, ఒక ప్రార్థన, కొంచెము మౌనము. ఫీజు గడువు, పోయిన గొడుగు, మురికి బూట్లు మొదలైన ప్రకటనలు ఆరాధనలో కలుపరాదు. వాటికి వేరుగా సమయముండవలెను.

రెండు: బాలునికి తెలియు భాషలో ఉండవలెను. తెలియని భాషలో పదివేల మాటలకంటె తెలిసిన అయిదు మాటలు మేలని పౌలు తలంచెను (1 కొరింథీ 14:19). పాఠశాలలో ఇంగ్లీషు నేర్వవలసినదే. అయితే మన పల్లె బాలుడు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు వినుచు పెరిగినవాడు. చాపెల్‌లో తెలుగు కీర్తనకు చోటు లేకపోయినయెడల, తన తల్లి ప్రార్థన తక్కువరకమైనదని అతడు నేర్చుకొనును. సెలవులకు వచ్చి మన గుడిలో గోడకు ఆనుకొని నోరు మెదపక కూర్చుండు బాలురు ఈ పాఠము నేర్చుకొన్నవారే.

మూడు: బాలురే వాక్యము చదువవలెను, బాలురే ప్రార్థింపవలెను. షిలోహులో తలుపులు తీసినది బాలుడే.

నాలుగు: రోగియైన తోటివానికొరకు, వంటవానికొరకు, కావలివానికొరకు పేరుపేరున ప్రార్థించుట నేర్పవలెను. బీదవానిని చూడనేర్పని ఆరాధన, అంగీ లేని కపెల్లా వంటిది.

10. పల్లెసంఘము కుట్టవలసిన అంగీ

హన్నా తన బిడ్డను మందిరములో విడిచి మరచిపోలేదు. ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్లెను (1 సమూయేలు 2:19). ఈ వచనము ఎంత చిన్నది, ఎంత లోతైనది! ఏటేట అనగా ప్రతి సంవత్సరము కొలత మారును. బిడ్డ ఎంత ఎదిగెనో చూడక మునుపే ఆ తల్లి ఊహించి కుట్టవలెను. నిరుడు సరిపోయిన అంగీ ఈ సంవత్సరము బిగుతగును.

మనము మన బాలురకు ఆరవ తరగతి అంగీనే పదవ తరగతిలోను తొడుగ జూచుచున్నాము. అల్లరి చేయకు, బుద్ధిగా ఉండు, ప్రార్థన మానకు అని అవే మాటలు చెప్పుచున్నాము. అతనికి ఇప్పుడు సందేహములున్నవి, శరీరములో మార్పులున్నవి, కులము పేరున పొందిన అవమానములున్నవి, ఊరిని గూర్చిన సిగ్గు ఉన్నది. వాటికి సరిపడు అంగీ కుట్టవలెను. సంఘమునకు మేము చెప్పు సలహా ఇది: చదువుకొరకు వెళ్లిన ప్రతి బాలుని పేరు సంఘపు ప్రార్థనలో ఉండవలెను. నెలకొకసారి పెద్దలలో ఒకరు ఫోను చేయవలెను. సెలవులకు వచ్చినప్పుడు మొదటి ప్రశ్న "ఎన్ని మార్కులొచ్చినయి రా?" అని కాక "మంచిగున్నవా కొడుకా?" అని ఉండవలెను. ఆ ఆదివారము వాక్యము అతనిచేత చదివింపవలెను. పాఠశాల చాప్లెయిన్ గారి పేరు మన కాపరులు ఎరిగియుండి, సంవత్సరమునకు ఒకసారియైనను ఆయనను కలిసికొనవలెను. ఏలీ ఒక్కడే సమూయేలును పెంచలేదు. ఒక తల్లి అంగీ వెంట ఉన్నది.

సమూయేలు దేవుని దయయందును మనుష్యుల దయయందును వర్ధిల్లెనని చదువుచున్నాము. నజరేతులోని మరియొక బాలుని గూర్చి లూకాయు అట్లే వ్రాసెను (లూకా 2:52). రెండు దయలును కావలెను. మనుష్యుల దయను ఎన్నడును ఎరుగని బాలునికి దేవుని దయను గూర్చి చాపెల్‌లో ఎంత చెప్పినను అది అతనికి అర్థము కాని భాషయే. ఆ భాషను చేతలతో నేర్పుటకే చాప్లెయిన్ ఉన్నాడు. ఆ పనిలో మనమును అతని తోడివారము.

చర్చకు ప్రశ్నలు

1. సమూయేలు దేవుని స్వరమును ఏలీ స్వరమని ఎందుకు అనుకొనెను? మన ఇండ్లలోని పిల్లలకు దేవుని స్వరము ఎవరి స్వరమువలె వినబడుచున్నది?

2. ఏలీ చేసిన మేలు ఏది? చేయక విడిచినది ఏది? మన సంఘములో తెలిసియు ఆపకున్న సంగతులు ఏవైనను కలవా?

3. ఇతర మతపు బాలుడు మన పాఠశాలలో చదివి వెళ్లిన తరువాత క్రైస్తవులను గూర్చి ఏమి చెప్పవలెనని మనము కోరుచున్నాము? అట్లు చెప్పుటకు మనము ఏమి చేయుచున్నాము?

4. మన సంఘమునుండి చదువులకు వెళ్లిన బాలురెందరు? వారి పేర్లు ఇప్పుడే వ్రాయుడి. ఈ నెలలో ఎవరు ఎవరికి ఫోను చేయుదురో నిర్ణయించుకొనుడి.

ప్రార్థన

బాలుని పేరు పెట్టి పిలుచు ప్రభువా, మాకు దూరముగా చదువుకొనుచున్న మా బిడ్డలను నీ కన్నులయెదుట ఉంచుము. వారిని నడిపించు నీ సేవకులకు వినుటకు చెవులును, తప్పుకొనుటకు వినయమును, చెడుగును ఆపుటకు ధైర్యమును దయచేయుము. ఏటేట పెరుగు బిడ్డకు తగిన ప్రేమను కుట్టుటకు మా చేతులకు నేర్పుము. ఆమేన్.